హాజరు పట్టీ చదివితేనే మార్కులు అర్థమవుతాయి
(మండల రైతు మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, పంటల బీమా, మోటార్ల కరెంటు గురించి మాట్లాడే సభలో బడి సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పోయిన సమావేశంలో మనలో ఒకాయన లేచి, "ఐదో తరగతి పిల్లోనికి రెండో తరగతి పుస్తకం చదవను రాదు. అట్లాంటి సర్కారు బడి ఉంటేనేమి, మూస్తేనేమి" అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ చప్పట్లు మాకు నచ్చలేదు. అందుకే మేము నలుగురం మా ఊరి ప్రాథమిక పాఠశాలకు పోయి చూసివచ్చాము.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. ఆయన చెప్పింది అబద్ధం కాదు. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో, ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. ఐదో తరగతిలో 44.8 శాతం. కరోనా తర్వాత 2022లో మూడో తరగతి లెక్క 16.3కు పడిపోయి, అక్కడినుంచి ఈ మాత్రం లేచింది. పంతుళ్ళలో శ్రద్ధ లేనివాళ్ళు లేరని మేము అనడం లేదు. వాళ్ళను నిలదీయాల్సిందే. కానీ మార్కులు చూసినవాళ్ళు హాజరు పట్టీ కూడా చూడాలి.

హెడ్మాస్టరు మొదట జంకాడు, తర్వాత పట్టీ మా ముందు పెట్టాడు. పేర్లు చదువుతుంటే అన్నీ తెలిసిన ఇండ్లే. ఎస్సీ కాలనీ పిల్లలు, బోయ, కురువ ఇండ్ల పిల్లలు, గుత్తకు సేద్యం చేసేవాళ్ళ పిల్లలు. అన్నను ప్రైవేటుకు పంపి చెల్లెలిని ఇక్కడ వేసిన ఇండ్లు కూడా ఉన్నాయి. నీళ్ళ భూమి ఉన్న ఇంటి పిల్లోని పేరు ఒక్కటీ కనిపించలేదు. మనం, సంఘం జెండా పట్టుకున్నవాళ్ళం, మన మనవళ్ళను కూడా పొద్దున్నే పసుపు బస్సు ఎక్కించి, సాయంత్రం వచ్చి ఆ బడిని తిడుతున్నాం. ఆ బస్సు ఫీజుకు చేసిన అప్పు సంగతి మళ్ళీ వేరే సభలో మాట్లాడాలి.

ఇక రోజులు చూశాము. దసరా దాకా పట్టీ బాగానే నిండింది. దీపావళి దాటాక ఒక్కొక్క వరుసలో గైర్హాజరు మొదలైంది. సంక్రాంతి తర్వాత పేజీ సగం ఖాళీ. ఆ పిల్లలు ఎక్కడికి పోయారో కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు ఎవరినడిగినా చెబుతారు. సుగ్గికి పోయారు. వానలు మోసం చేసినాక, ఊళ్ళో పని అయిపోయినాక, అమ్మానాన్నలు తట్టాబుట్టా సర్దుకుని గుంటూరు, పల్నాడు మిరప చేలకు లారీ ఎక్కుతారు. ముసలివాళ్ళున్న ఇంటి పిల్లలు ఆగుతారు. లేనివాళ్ళు వెంట పోతారు. ఉగాది నాటికి తిరిగివస్తారు. ఏప్రిల్‌లో పరీక్ష. నాలుగు నెలలు పలక ముట్టని పిల్లోనికి ప్రశ్నాపత్రం ఇచ్చి, వచ్చిన మార్కును బడి మార్కు అంటున్నాం. అది వానల మార్కు, కూలి మార్కు.

ఇంకొకటి చెప్పాలి, కొందరికి కోపం వస్తుంది. ఆ మిరప చేలు ఎవరివి? మనలాంటి రైతులవే. కిలో లెక్కన కూలి కట్టినప్పుడు తొమ్మిదేండ్ల పిల్ల కోసిన కాయలు కూడా తల్లి తూకంలోనే కలుస్తాయి. మనకు కాటా మీద కాయలే కనిపిస్తాయి. మన జిల్లాలో పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి చిన్న ఆడపిల్లలను పెట్టిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కంపెనీ ఇచ్చే రేటు చాలక అలా చేశామని అప్పట్లో చెప్పుకున్నాం. రేటు చాలని మాట నిజమే. పిల్ల బడి పోయిన మాట కూడా నిజమే.

పిల్లలు తగ్గితే బడికి ఏమవుతుందో కూడా చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 60 దాటితే ముగ్గురు. మనం పది మందిని తీసుకుపోయి ప్రైవేటులో వేస్తే ఒక పోస్టు ఎగిరిపోవచ్చు. ఉన్న ఇద్దరే ఐదు తరగతులు చెప్పాలి, అందులో ఒకరు సెలవు పెడితే ఇక చెప్పేదేముంది. 2022 జూన్‌లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్ళకు పంపినప్పుడు చాలా ఊళ్ళలో తల్లులు గేటు ముందు కూర్చున్నారు. 2025లో ఆ జీవోను పక్కనబెట్టి కొత్త ఉత్తర్వులిచ్చారు. ఉత్తర్వులు మారినా పిల్లలు లేని బడి నిలబడదు.

చట్టంలో మనకు పనికొచ్చేవి ఉన్నాయి. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకునే బాధ్యత స్థానిక సంస్థదని తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని ఐదో సెక్షన్ చెబుతుంది. అంటే మిరప చేను పక్క ఊరి బడి మన పిల్లలను కాదనకూడదు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మా ఊళ్ళో ఆ కమిటీలో ఉన్న ఒక తల్లిని అడిగితే, "నేను సభ్యురాలినా అన్నా? వేలిముద్ర వేయమంటే వేశాను" అంది.

సీజనల్ హాస్టళ్ళు కూడా ఉన్నాయి. సుగ్గికి పోయేవాళ్ళు పిల్లలను అక్కడ వదిలి పోవచ్చు. పోయినేడు మాకు దగ్గర్లో లారీలు కదిలినాక హాస్టల్ తెరిచారు. అప్పటికి పిల్లలు మిరప చేలో ఉన్నారు. బియ్యం వచ్చాయి, వార్డెను వచ్చాడు, పిల్లలు లేరు. పిల్లలు రావడం లేదని రాసుకున్నారు.

అందుకని ఈ ఏడు సంఘం తరఫున మూడు పనులు అనుకున్నాము. సెప్టెంబరులోనే ఊరూరా ఎవరెవరు సుగ్గికి పోతారో, ఎంతమంది పిల్లలున్నారో పేర్లతో రాసి మండల విద్యాధికారికి ఇవ్వాలి. దసరా లోపలే హాస్టల్ తెరవమని అర్జీ పెట్టాలి, తెరవకపోతే ఆ ఆఫీసు ముందే కూర్చోవాలి. మూడోది, గుంటూరు, పల్నాడు వైపు మన సంఘం వాళ్ళకు ఉత్తరం రాస్తున్నాము. కూలీలను పిలిపించే మేస్త్రీతో బేరం మాట్లాడేటప్పుడే పిల్లలను చేలోకి దించమని చెప్పి, వాళ్ళను ఆ ఊరి బడిలో చేర్పించే పూచీ తీసుకోమని అడుగుతున్నాము. ఒప్పుకున్నవాళ్ళ పేర్లు వచ్చే నెల సంచికలో వేస్తాము. ఒప్పుకోనివాళ్ళు ఎందుకు కుదరదో రాస్తే అదీ వేస్తాము.

పేర్లు రాసే పనికి ఊరికి ఇద్దరు కావాలి. చదువు వచ్చిన ఆడవాళ్ళు ముందుకొస్తే మంచిది, ఇండ్లల్లోకి వాళ్ళు పోగలరు. సభ అయిపోయినాక భోజనాల దగ్గర నోటు పుస్తకం పెట్టుకుని కూర్చుంటాము.