దుఃఖమున్న ఇంటికి పండుగ వచ్చినప్పుడు

ఆషాఢము వచ్చుసరికి గోదావరి నీరు ఎఱ్ఱబడును. ఎగువ నుండి వరద దిగునప్పుడు ధవళేశ్వరము ఆనకట్ట వద్ద నీటిమట్టమును గంటగంటకు కొలుచుచుందురు. అది 11.75 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు చేరిన రెండవది, 17.75 అడుగులకు చేరిన మూడవది. ఆ అంకెలను రేడియోలో చదువుట మా వంటివారి పని. అవి వినగానే ఏమి చేయవలెనో లంకలలోనివారికి ఒకరు చెప్పనక్కరలేదు. పశువులను గట్టు మీదికి తోలుదురు, ధాన్యమును అటుకల పైకి చేర్తురు, పడవలను సిద్ధపరతురు.

సంసారములలోనికి వచ్చు వరద మరియొకటి కలదు. అది ఆప్తులను పోగొట్టుకొన్న దుఃఖము. మృత్యువు ఎప్పుడు వచ్చునో చెప్పగలవారు లేరు. కాని ఆ తరువాత దుఃఖము మరల ఎప్పుడెప్పుడు పొంగునో చాలవరకు ముందుగానే తెలియును. అది పంచాంగములోనే యున్నది. ఆ సంగతినే శ్రోతలకు నేడు మనవి చేయదలచితిమి.

మరణము జరిగిన మొదటి దినములలో ఇంటినిండ జనముందురు. కర్మకాండ నడచును. అది ముగిసిన పిమ్మట బంధువులు ఆ ఇంటివారిని తీసికొనిపోయి తమ ఇండ్లలో ఒక్కొక్క రాత్రి నిద్ర చేయింతురు. ఆ తరువాత ఎవరి పనులకు వారు పోవుదురు. ఋతువులు మారుట అప్పుడు మొదలగును. తొలకరి పడును; ఇంటికప్పు చూచుకొను మనిషి ఉండడు. చలికాలము వచ్చును, పెట్టెలోని శాలువ తీసి కప్పుటకు భుజము లేదు. ఎండలు ముదిరి ఆవకాయ వేళ వచ్చును. కాయలు తరుగుచు హాస్యములాడు గొంతు వినరాదు. పోయినవారు ఒక్కమారే పోయిరి. కాని మొదటి ఏడాది వారిని ఋతువున కొకమారు చొప్పున పోగొట్టుకొనుచున్నట్లే యుండును.

మన పెద్దలు దీనిని ఎరుగుదురు. కనుకనే నెలకొక మాసికము, ఏడాది తిరుగగానే సాంవత్సరికము, భాద్రపదమున మహాలయ పక్షము, సంక్రాంతినాడు పెద్దలను తలచుకొనుట ఏర్పరచిరి. ముస్లిములు నలుబదవ దినమును పాటింతురు. పలువురు క్రైస్తవులు నవంబరు 2వ తేదీన సమాధులను శుభ్రపరచి క్రొవ్వొత్తులు వెలిగింతురు. విశ్వాసములు వేరైనను ఇందలి మేలు ఒక్కటే. దుఃఖమునకు ఒక తేదీ, ఒక పని, నలుగురి తోడు లభించును.

ఏడాదిపాటు ఆ ఇంట పండుగ చేయరాదను ఆచారము కూడ ఇట్టిదే. నవ్వలేనివారిని నవ్వుమని బలవంతపెట్టకుండుటకు అది ఒక సెలవు. కాని ఇరుగుపొరుగువారము మనము దానిని తప్పుగా గ్రహించితిమి. పండుగ లేని ఇంటికి పండుగనాడు పోరాదనుకొంటిమి.

మేము చేసిన పొరపాటునే చెప్పెదము. మాకు తెలిసిన ఒక ఇంట వానకాలములో ఎదిగిన కుమారుడు మరణించెను. సంక్రాంతి వచ్చినది. వీధినిండ ముగ్గులు, గొబ్బెమ్మలు. ఆ ఒక్క వాకిలి మాత్రము వెలవెలబోవుచుండెను. వారిని కదపరాదని మేము అటు పోలేదు. ఇతరులును పోలేదు. ప్రక్కింటి వృద్ధురాలు ఒక్కతె, చేటలో చిక్కుడుకాయలు పోసికొని పోయి, వారి అరుగు మీద కూర్చుండి తుంచసాగినది. కొంతసేపటికి తల్లి వచ్చి ప్రక్కన కూర్చున్నది. "అమ్మాయీ, మీ వాడికి గుమ్మడికాయ దప్పళమంటే ప్రాణం కదుటే!" అన్నది ఆమె. ఆ తల్లి ఏడ్చినది. తరువాత మధ్యాహ్నము వరకు కొడుకు ముచ్చట్లే చెప్పినది. "ఆరు నెలల నుంచీ వాడి పేరు నా దగ్గర ఎత్తినవాళ్లు లేరండీ" అని ఆమె పిమ్మట మాతో అన్నప్పుడు మేము తల వంచుకొంటిమి. మేము మర్యాద యనుకొన్నది ఆమెకు ఒంటరితనమైనది.

భర్తను కోల్పోయిన స్త్రీ విషయములో ఈ దోషము మరింత కఠినమైనది. శ్రావణ శుక్రవారపు పేరంటమునకు ఆమెను పిలువరు. అట్లతద్ది నాడు ఆమె ఎదురుపడిన మొగము త్రిప్పుకొనువారును కలరు. ఋతువు తెచ్చు దుఃఖమునకు తోడు మనుష్యులు తెచ్చు దుఃఖమిది. దీనిని ఎదిరించిన నగరము మన రాజమహేంద్రవరమే. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఇక్కడ మొదటి వితంతు వివాహము జరిపించిరి. వంటవారును నీళ్లు మోయువారును ఆ ఇంటిని విడిచిపోగా, ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నుండి నీరు మోసి, వండి వడ్డించిరి. ఆమె 1910 ఆగస్టు 11న, శ్రావణమాసములో, కాలధర్మము నొందిరి. పంతులుగారు 1919 మే 27 వరకు జీవించిరి. ఆ మిగిలిన సంవత్సరములలో వారు కవుల చరిత్రమును సవరించి విస్తరించిరి; 1915లో స్వీయచరిత్రము రెండవ భాగమును ప్రకటించిరి. ఆమె పాలుపంచుకొన్న పనిని ఆమె లేకయే కొనసాగించుట కూడ ఆమెను తలచుకొను విధమే.

కొన్ని దుఃఖములు ఊరికంతటికి ఒక్కమారే వచ్చును. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపాను వేయిమందికి పైగా బలిగొన్నది. లక్షల కొబ్బరిచెట్లు కూలినవి. దీపావళికి అప్పటికి నాలుగు దినములే యున్నవి. మరల నాటిన కొబ్బరిమొక్క కాపునకు రావలెనన్న ఆరేడు సంవత్సరములు పట్టును. ఆ సంగతి తెలిసిన రైతు మొక్కను తొందరపెట్టడు. మనిషిని మాత్రము మూడు నెలలకే "ఇంకను మరువలేదా?" అని అడుగుచున్నాము.

2019 సెప్టెంబరు 15న, మహాలయ పక్షపు తొలిదినములలో, పాపికొండలకు పోవుచున్న పడవ కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగినది. పడవను వెలికి తీయుసరికి అక్టోబరు 22వ తేదీ అయినది. అప్పటికి దీపావళికి ఐదు దినములే మిగిలియుండెను. తమవారి దేహము దొరకని కుటుంబములకు తిథి లెక్కించుటకైనను ఆధారము లేదు. అట్టివారికి ఓదార్పు మాటలకంటె ప్రక్కన కూర్చుండి వేచియుండు మనిషి ఎక్కువ.

కనుక మా మనవి ఇది. మీరెరిగిన ఇంట ఈ ఏడాది మరణము జరిగియున్నచో, నేడే పంచాంగము తెరచి మొదటి పండుగను, పోయినవారి పుట్టినదినమును, సాంవత్సరికపు తిథిని గుర్తుంచుకొనుడు. ఆనాడు వండినది గిన్నెలో పట్టుకొని పొండు. మరచిపొమ్మని చెప్పవద్దు, పోయినవారి పేరు ఎత్తుటకు జంకవద్దు. దుఃఖములో నున్నవారికి ఒక మాట: ఋతువు మారగానే గుండె మరల బరువెక్కిన అది బలహీనత కాదు. ఆ దినమునకు ఒక చిన్న పని ముందుగానే పెట్టుకొనుడు. ఒక మొక్క నాటుటయో, ఒకరికి అన్నము పెట్టుటయో, ఏదైనను చాలును.

నెలలు గడచినను నిద్రాహారములు కుదురక, ఏ పనియు సాగనిచో వైద్యుని చూడవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలునకు వచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఇట్టి వీడని దుఃఖమును కూడ చేర్చినది. బ్రతుకవలెనని లేదను మాట నోట వచ్చినచో ఒక్క దినమైనను ఆగరాదు. 2022లోనే ఏర్పడిన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు రాత్రియైనను పగలైనను ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు.

వరదను ఆపుట ఎవరి తరము కాదు. అది వచ్చు వేళ తెలిసి, గట్టు మీద మనుష్యులుండిన, మునిగిపోవువారు తగ్గుదురు. రానున్న పండుగనాడు మీ వీధిలో ఏ వాకిట ముగ్గు లేదో ఒక్కమారు చూడుడు. తలుపు తట్టుడు. నమస్కారము.