ఉషస్సు – ధ్రువజ్యోతి
(డిండోలిలో తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుడను గాను. పగలెల్ల కార్యాలయములో దస్త్రములు చూచుకొనువాడను. సాయంకాలము నిఘంటువులు తిరుగవేయు వ్యసనము మాత్రము కలదు. ఆ వ్యసనము వలననే ఒక పసిపిల్ల యెదుట తెల్లబోవలసి వచ్చినది. ఈ ప్రసంగమునకు మూలమదియే.

మా పొరుగున నొక మగ్గపు పనివారి కుటుంబము కలదు. కరీంనగరము వైపునుండి సూరతు వచ్చి స్థిరపడినవారు. తండ్రిది రాత్రిపాళీ. కూతురు నగరపాలక సంఘమువారి తెలుగు పాఠశాలలో చదువుచున్నది. ఒకనాడా పిల్ల పుస్తకము తెచ్చి, ఆకాశమున ఆకుపచ్చని తెరలు వ్రేలాడుచున్న బొమ్మ చూపినది. క్రింద ‘అరోరా’ అని యున్నది.

“సార్, దీన్ని తెలుగుల ఏమంటరు?”

లాటిను భాషలో అరోరా యనగా ఉషస్సు అని నాకు తెలియును. వెంటనే గొప్పగా, “ఉషస్సు అమ్మా. ఉత్తరపు వేకువ” అంటిని.

“గది రాత్రిపూటనే అస్తదని బుక్కుల ఉన్నది గద సార్! పొద్దుగాల ఎట్లయితది?”

సమాధానము తోచలేదు. మాటకు అర్థము చెప్పితిని గాని వస్తువునకు పేరు చెప్పలేకపోతిని. ఆ రాత్రి నిఘంటువులు ముందు వేసికొని కూర్చుంటిని.

మొదట మాట పుట్టుక చూతము. మన ఉషస్సు, గ్రీకుల ఈయోస్, రోమకుల అరోరా అక్కచెల్లెండ్రు. మూలరూపమున ‘స’కారముండెను; లాటినులో రెండచ్చుల నడుమ ‘స’ పడినప్పుడు అది ‘ర’గా మారుట కలదు. కావున ‘అఉసోసా’ వంటి మాట ‘అరోరా’ యైనది. తూర్పును తెలుపు ఆంగ్లపదము ‘ఈస్టు’ కూడ ఆ యింటి పిల్లయే. ఋగ్వేదమున ఉషస్సును స్తుతించు సూక్తములు ఇరువదికి పైగా ఉన్నవి.

ఇచట, మగ్గముల నడుమ నివసించు మనకు ఒక విశేషమున్నది. ఋగ్వేదము రెండవ మండలమున రాత్రిని, ఉషస్సును ఇద్దరు నేతకత్తెలుగా వర్ణించిన ఋక్కు కలదు. సాగదీసిన పడుగును ఇద్దరును కలిసి నేయుచుందురట. భారతమున ఉదంకుడు నాగలోకమునకు పోయినప్పుడు తెల్లని నల్లని దారములతో వస్త్రము నేయు స్త్రీలను చూచును. అవి పగలు రాత్రులని తరువాత తెలియును. పగటిపాళీ వాడును, రాత్రిపాళీ వాడును ఒకే మగ్గమును మార్చి మార్చి నడుపు ఈ యూరిలో ఆ కల్పనకు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఉష యను పేరు గుజరాతీలకును కొత్తది గాదు. బాణాసురుని కుమార్తె ఉష కథను మన కూచిపూడి వారు ‘ఉషాపరిణయ’మని ఆడిరి, గుజరాతులో ఆమెయే ‘ఓఖా’. పదునేడవ శతాబ్దమున ప్రేమానందుడు వ్రాసిన ‘ఓఖాహరణ్’ను ఇక్కడి గృహములలో చైత్రమాసమున నేటికిని చదువుకొందురు. వేకువ పాటల విషయమున కూడ ఇట్టి బంధుత్వమే కలదు. నరసింహ మెహతా ప్రభాతియాలు, మన అన్నమయ్య మేలుకొలుపులు ఉభయమును పదునైదవ శతాబ్దమునకు చెందినవే. ఎదురింటివారు తెల్లవారుజామున ఒకటి పెట్టగా, మనము సుప్రభాతము పెట్టుదుము. రాత్రిపాళీ చేసి వచ్చి అప్పుడే నడుము వాల్చిన వానికి మాత్రము రెండును ఒకటే. అతడు తలగడతో చెవులు మూసికొనును. కాదనలేము!

ఉషస్సు సంస్కృతము. అచ్చతెనుగున వేకువ, వేగుజాము, తెల్లవారు, పొద్దుపొడుపు, రేపకడ ఉన్నవి. ‘రేపు’ అను మాట చూడుడు. పూర్వకవులకు అది ఉదయము, నేడది మరునాడు. జర్మనులకు ‘మోర్గెన్’ అన్నది ఉదయమును, మరునాడును. ఉదయము వచ్చిననే గదా మరునాడు! ఆ పిల్లను ‘వేకువ’ యని యడుగగా తెలియదన్నది. “నాయిన ఇంటికొచ్చే యాళ్ల” అన్నది. బడిస్నేహితులతో ‘సవార్’ అనునట. అమ్మమ్మ యింట విన్న ‘పొద్దుగాల’ ఒక్కటే మిగిలినది. దానిని తప్పని దిద్దువారున్నారు. కోస్తావారమైన మాకు ఆ జబ్బు ఎక్కువ. దిద్దినచో ఆ పిల్లకు ఆ ఒక్క మాటయు పోవును. ‘వేకువ’ వచ్చి చేరుననుట సందేహమే.

ఇక ఆమె ప్రశ్న. రాత్రి వచ్చు వెలుగునకు ఉషస్సు పేరెట్లు కలిగెను? ‘ఉత్తరపు ఉషస్సు’ అను పేరును 1619 ప్రాంతమున ఇటలీ దేశపు గెలీలియోకు ఆపాదింతురు. నా సందేహము తీరుటకు ఆ ‘ఇటలీ’ అన్న మాటయే చాలెను. అది ధ్రువమునకు చాల దూరము.

సూర్యునినుండి వెలువడు విద్యుత్కణముల ప్రవాహము భూమియొక్క అయస్కాంత క్షేత్రమును కలచివేయగా, కణములు ధ్రువప్రాంతముల పైవాతావరణమున దూకి ప్రాణవాయు, నత్రజని పరమాణువులను తాకును. సుమారు నూరు మొదలు నూటయేబది కిలోమీటర్ల యెత్తున ప్రాణవాయువు ఆకుపచ్చగా వెలుగును. రెండువందల కిలోమీటర్లకు పైన అదియే ఎఱ్ఱగా వెలుగును. నడినెత్తిన చూచువారికి ఆకుపచ్చని తెరలు కనబడును. దూరమున నున్నవారికి భూమి గుండ్రదనము క్రింది పచ్చదనమును మరుగుపఱచును; పైయెఱుపు మాత్రము ఉత్తరపు దిఙ్మండలమున అరుణోదయమువలె తోచును. కావున ఆ పేరు దూరమునుండి చూచినవారు పెట్టినది. తప్పుపేరు కాదు, పెట్టినవారి చిరునామా తెలుపు పేరు.

మన దేశమునుండి చూచినను అంతే. 1872 ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి బొంబాయిలో ఈ వెలుగు కనబడినట్లు నాటి పత్రికలలో వార్త వచ్చినది. కొలాబా వేధశాల యంత్రములు అయస్కాంత తుపానును నమోదు చేసినవి. సూరతు అంతకంటె ఉత్తరముననే యున్నది. ఇటీవల 2024 మే 10–11 నడుమ రాత్రి లడఖ్‌లోని హాన్లే వేధశాల ఛాయాగ్రాహకములకు ఆకాశమున ఎఱ్ఱని వెలుగు చిక్కినది. 2003 తరువాత అంతవరకు అంతటి తుపాను రాలేదు. 

ఉషస్సునకును ధ్రువమునకును మరియొక ముడి వేసినవారు బాలగంగాధర తిలకు. వేదములోని ఉషస్సులు దినముల తరబడి సాగునవిగా తోచుచున్నవనియు, అట్టి దీర్ఘోషస్సు ధ్రువప్రాంతముననే సాధ్యమనియు, కావున ఆర్యుల ఆదినివాసమదియే యనియు 1903లో ప్రకటించిన గ్రంథమున వాదించిరి. పండితలోకము దానిని అంగీకరింపలేదు. నాకును సమ్మతము గాదు. కాని వారి వాదములో ధ్రువజ్యోతి ప్రధానము గాదు, నిజమైన వేకువయే. మేరువుపై దేవతలకు ఆరునెలలు పగలు, ఆరునెలలు రాత్రి యని సూర్యసిద్ధాంతము చెప్పినది గదా! అచట వేకువ ఒక్క గడియలో ముగియదు.

హిందీవారు మేరువును పట్టుకొని ‘మేరుజ్యోతి’ యనిరి. ఉత్తరమునకు సుమేరువు, దక్షిణమునకు కుమేరువు. మాట అందముగా నున్నది గాని పిల్లలకు మేరువు ఎక్కడిదో మరల చెప్పవలసివచ్చును. మన ‘ధ్రువజ్యోతి’ నాకు మేలని తోచుచున్నది. ధ్రువనక్షత్రము పిల్లలకు తెలిసినదే; జ్యోతి యింటనే యున్నది; రాత్రియా పగలా యను చిక్కు లేదు. దక్షిణపు వెలుగును 1773లో కెప్టెన్ కుక్ చూచి దక్షిణపు అరోరా యన్నాడు. మనము దక్షిణ ధ్రువజ్యోతి యనిన చాలును.

మరునాడు ఆ పిల్లను పిలిచి, “నిన్న నేను చెప్పినది సరిగాదమ్మా” యని ఇదంతయు చెప్పితిని. పుస్తకములో బొమ్మక్రింద పెన్సిలుతో ‘ధ్రువజ్యోతి’ యని వ్రాసికొన్నది. దాని ప్రక్కనే చిన్న అక్షరములతో ‘దూరంకెల్లి చూస్తె పొద్దుగాల లెక్క’ అని కూడ వ్రాసికొన్నది. అంతకంటె చక్కని వివరణము నా నిఘంటువులలో లేదు.

సిరిసిల్ల, కరీంనగరము, నల్లగొండ వైపులనుండి వచ్చిన పెద్దలు ఈ సభలో చాలమంది యున్నారు. వేకువజామునకు మీ యిండ్లలో, మగ్గముల దగ్గర వాడు మాటలు, పిల్లలు మఱచినవి, మీకింకను జ్ఞాపకమున్నవి ఎన్నియో యుండును. ద్వారము దగ్గర బల్లపై ఒక నోటుపుస్తకము పెట్టించితిని. భోజనములకు ముందు తలకొక మాట వ్రాసిపొండు. వ్రాయుట కష్టమైనవారు చెప్పిన, మా కుఱ్ఱవాండ్రు వ్రాసికొందురు.