అద్భుత కథలు – ఆర్ద్ర హృదయములు



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభవేళ, పుస్తకముల కొనుగోలును గూర్చి యొక మాట మనవి చేయుదును. "అభూతకల్పనలకు చందాసొమ్ము వెచ్చింపనేల? పరీక్షలకు, సేద్యమునకు పనికివచ్చు గ్రంథములు చాలవా?" అని కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఊరి లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. పైసా విలువ నాకు దెలియును. అయినను ఈ విషయమున వారితో ఏకీభవింపజాలను.

16వ శతాబ్దమున పింగళి సూరన రచించిన 'కళాపూర్ణోదయము'ను చూడుడు. మాయారూపములు, శాపములు, జన్మాంతరములు – అన్నియు అందు గలవు. వాని నడుమ శాలీన సుగాత్రుల కథ యున్నది. నిలువెల్ల నగలు దాల్చి వచ్చిన భార్యను శాలీనుడు కన్నెత్తి చూడడు. ఆమె ఆ నగలు విడిచి, తోటలో శ్రమించు మగనికి చేదోడుగా నిలిచిన నాడు అతని మనస్సు కరగినది.

మన విజయనగరమున నివసించిన గురజాడ అప్పారావుగారి (1862–1915) పద్యకథ 'లవణరాజు కల' యందు, మాయలో జిక్కిన రాజు కిరీటమును మరచి, లోకము అంటరానిదని యెంచిన కన్యను వలచును.

1818లో ఆంగ్లవనిత మేరీ షెల్లీ ప్రకటించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' శాస్త్రకల్పన నవలలలో మొదటిదని పలువురు ఎంచుదురు. విద్యార్థి యొకడు మృతదేహముల భాగములతో ఒక ప్రాణిని సృజించి, దాని వికారరూపమునకు వెరచి పారిపోవును. దిక్కులేని ఆ ప్రాణి ఒక కుటీరపు చాటున డాగి, లోనివారి సంభాషణములు విని భాష నేర్చును. ఒకనాడు ధైర్యము చేసి లోనికేగి, అంధుడైన వృద్ధుని శరణు వేడును. ఆయన ఆదరముతో మాటలాడును. అంతలో కన్నులున్న కొడుకు వచ్చి కఱ్ఱతో మోదును. ఈ ఘట్టము చదివి కంట తడి పెట్టనివా రరుదు.

నగ, కిరీటము, రూపము – ఈ మూడును నిత్యజీవితమున మనుష్యుని కప్పివేయును. మంచి కల్పన ఆ ముసుగును తొలగించి చూపును. కట్టును, కులమును, రూపమును చూచి మనము వాకిటనే నిలిపినవా రెందరు! సేద్యపు పుస్తకము పొలమును బాగుచేయును. ఇట్టి పుస్తకము వాకిట నిలిచినవానిని లోనికి పిలుచు బుద్ధి నిచ్చును. రెండును కావలెను.

సూరన పద్యములు కఠినమన్నచో, తెలిసినవారు అర్థము చెప్పుదురు గాక. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు మూడవదానిని పెద్దలకు కథగా వినిపింతురు గాక. చదువురాని వారికై నెలకొక సాయంకాలము ఈ అరుగు మీదనే పఠనము జరుపుదము. వచ్చు సంవత్సరపు కొనుగోలు పట్టికలో ఈ మూడింటికిని తావొసగుడని కార్యవర్గమును వేడుచు, సెలవు గైకొనుచున్నాను.