లినక్స్‌లో వెబ్‌క్యామ్ పనిచేయకపోతే

ఆన్‌లైన్ క్లాసు వేళకు వెబ్‌క్యామ్ బొమ్మ రాకపోతే కొందరు లినక్స్‌నే తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. ఆ అవసరం అరుదు. కెమెరా నుంచి తెర దాకా బొమ్మ నాలుగు మెట్లు దాటాలి. అది ఎక్కడ ఆగిందో చూద్దాం.

మొదటిది తీగ. టెర్మినల్‌లో చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని కొట్టండి. జాబితాలో కెమెరా లేకపోతే లోపం కేబులుదో, పోర్టుదో, కెమెరాదో. మధ్యలో హబ్ ఉంటే తీసేసి, నేరుగా కంప్యూటరుకే తగిలించండి.

రెండవది డ్రైవరు. 2003లో వచ్చిన యూవీసీ ప్రమాణాన్ని పాటించే కెమెరాలకు డ్రైవరు 2008 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. అది కెమెరాను గుర్తిస్తే ‘డెవ్’ డైరెక్టరీలో ‘వీడియో0’ వంటి ఫైలు ఏర్పడుతుంది. లేకపోతే ‘డీమెస్‌జీ’ ఆదేశం చూపే సందేశాలు చదవండి.

మూడవది అనుమతి. ఆ ఫైలును తెరిచే హక్కు మీ ఖాతాకు లేకపోతే, ఖాతాను ‘వీడియో’ గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ కావాలి.

నాలుగవది ప్రోగ్రాము. ఒక ప్రోగ్రాము కెమెరాను వాడుతుండగా మరొకటి అడిగితే ‘బిజీ’ అనే జవాబు వస్తుంది. మొదటిదాన్ని మూసేయండి.

ఈ నాలుగూ వరుసగా చూడటానికి కొద్ది నిమిషాలు చాలు. తొందరపడి లినక్స్‌ను మళ్లీ ఎక్కిస్తే మీ ఫైళ్లే పోవచ్చు. తెగిన కేబులు మాత్రం తెగినట్టే ఉంటుంది.