పడిన చెట్టు ఎవరి లెక్క? పెట్టే మొక్క ఎవరి లెక్క?

(అడవి హక్కులపై ములుగులో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ‘ప్రభుత్వ అడవుల్లో కలప, పునరుద్ధరణ, పర్యావరణ పరిశీలన’. వినడానికి సెక్రటేరియట్ ఫైలు పేరులాగా ఉంది. కానీ ఇది మీ ఇంటి వెనక ముచ్చటే.

2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి–మేడారం అడవిలో ఏం జరిగిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. సుడిగాలి కొట్టింది. వందల ఎకరాల్లో పెద్ద పెద్ద మాన్లు వేర్లతో సహా కూలిపోయాయి. 50 వేలకు పైగా చెట్లు నేలకొరిగాయని లెక్కలు వచ్చాయి. ఆ గాలి పల్లెల మీదికి రాలేదు. సమ్మక్క సారలమ్మ తల్లులే అడ్డం నిలబడ్డరని జనం మొక్కుకున్నారు. శాస్త్రవేత్తలు వచ్చారు, ఉపగ్రహ చిత్రాలు తీశారు. టీవీలు నాలుగు రోజులు చూపించి వెళ్లిపోయాయి.

గాలి ఎందుకు వచ్చిందన్నది వాళ్ల చర్చ. గాలి పోయిన తర్వాత సంగతి మన చర్చ. పడిన కలప ఏం కావాలె? ఖాళీ అయిన జాగల ఏం పెరగాలె? ఈ రెండింటికీ జవాబు ఎవరు రాస్తారు, ఎవరికి చూపించి రాస్తారు?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రభుత్వ అడవిలో చెట్టు కొట్టాలన్నా, పడిన చెట్టు ఎత్తాలన్నా, కొత్త మొక్క పెట్టాలన్నా ముందు దాని మంచిచెడ్డలు కాగితం మీద రాయాలె. ఆ కాగితం తెలుగులో గ్రామసభ ముందుకు రావాలె. ఆ తర్వాతే గొడ్డలైనా గడ్డపారైనా అడవిలోకి పోవాలె.

పడిన చెట్టుకూ చట్టం ఉంది

పడిన చెట్టే కదా, ఎత్తుకపోతే ఏమైతది అని కొందరు అడుగుతారు. కోట్ల రూపాయల కలప పురుగుల పాలు చేస్తారా అని ఇంకొందరు అంటారు. ఏటూరునాగారం అడవి 1950ల నుంచే అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోంచి అటవీ ఉత్పత్తి తీయాలంటే అది అక్కడి వన్యప్రాణుల మేలుకు అవసరమని రాష్ట్ర ప్రభుత్వం వన్యప్రాణి బోర్డును సంప్రదించి నిర్ధారించుకోవాలె. అట్లా తీసినదాన్ని కూడా చుట్టుపక్కల జనం సొంత అవసరాలకు వాడుకోవచ్చు గానీ, వ్యాపారానికి వాడకూడదు. ఇంకో మాట. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఇచ్చిన ఉత్తర్వులో నేషనల్ పార్కులు, అభయారణ్యాల నుంచి చచ్చిన, రోగం పట్టిన, గాలికి పడిన చెట్లను తీయొద్దని చెప్పింది. ‘గాలికి పడిన’ అని స్పష్టంగా ఉంది.

ఎందుకట్లా అన్నది? పడిన మాను మనకు కట్టె, అడవికి అన్నం. అది చివికితే చెదలు, పుట్టగొడుగులు, పురుగులు పెరుగుతాయి. వాటి మీద పక్షులు, ఎలుగుబంట్లు బతుకుతాయి. దాని నీడలో తేమ నిలుస్తుంది, ఆ తేమలో విత్తనం మొలుస్తుంది. టేకు, మద్ది లాంటివి మోడు నుంచి మళ్లీ చిగురు వేస్తాయి. తునికి వేరు నుంచే పిలకలు పెడుతుంది. జేసీబీలు, లారీలు దిగితే ఆ పిలకలు నలుగుతాయి, మట్టి గట్టిపడి వాన నీళ్లు ఇంకవు. చెట్టును గాలి పడగొట్టింది, మొలకను మాత్రం యంత్రం తొక్కుతుంది.

రెండో పక్క కూడా చెప్పాలె. అంత కట్టె ఒక్క దిక్కే ఎండి ఉంటే ఎండాకాలంలో నిప్పు భయం ఉంటుంది. ఇప్పపువ్వు ఏరుకునే రోజుల్లో, తునికాకు కోతకు ముందు అడవిలో మంట పెట్టే అలవాటు ఉన్నదని మనకు తెలుసు. పడిన మాన్ల మధ్య నిప్పు అంటుకుంటే ఆర్పడానికి మనిషి లోపలికి పోలేడు. ఫారెస్టు వాళ్లు ఈ భయం చెబితే అది ఉత్త సాకు కాదు, వినాల్సిందే.

పర్యావరణ పరిశీలన అంటే ఇదే. మొత్తం వదిలేస్తే ఏమవుతుంది? బాటల వెంట, ఊళ్ల దగ్గర మాత్రం మనుషులతో కొంత తీయించి అగ్గి దాటకుండా ఖాళీ గీత పెడితే ఏమవుతుంది? యంత్రాలు పెట్టి అంతా ఊడ్చేస్తే ఏమవుతుంది? మూడు దారులూ రాయాలె. ఒక్కోదాని లాభం, నష్టం రాయాలె. ఏ దారి ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలె. అంతే. దీనికి రాకెట్ సైన్సు అక్కరలేదు.

మిల్లుకు విచారణ ఉంది, అడవికి లేదు

ఇక అభయారణ్యం బయటి అడవి సంగతి. 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు అదే గోదావర్మన్ కేసులో, కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ ప్రకారం తప్ప ఏ అడవిలోనూ చెట్టు కొట్టొద్దన్నది. వర్కింగ్ ప్లాన్ అంటే ఒక ఫారెస్టు డివిజన్‌లో సాధారణంగా పదేళ్ల పాటు ఎక్కడ కొట్టాలె, ఎక్కడ పెంచాలె, ఎక్కడ ముట్టుకోవద్దు అని రాసిన పుస్తకం. దానికి జాతీయ కోడ్ ఉంది. 2004లో వచ్చింది, 2014లో, మళ్లీ 2023లో మార్చారు.

ఇక్కడున్న వాళ్లలో ఎంతమంది ఆ పుస్తకం చూశారు? చెయ్యెత్తండి. సర్పంచులుగా చేసిన వాళ్లు కూడా ఎత్తడం లేదు. మీ ఊరి అడవి భవిష్యత్తు ఇంగ్లిష్‌లో రాసి బీరువాలో ఉంటుంది. మీకు మాత్రం బోర్డు కనిపిస్తుంది: ‘ప్రవేశం నిషేధం’.

2006 సెప్టెంబర్ 14న కేంద్రం పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఇచ్చింది. గనులు, ఆనకట్టలు, థర్మల్ కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీల వంటి వాటికి ముందస్తు అనుమతి, చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ అందులో ఉన్నాయి. కాగితపు గుజ్జు మిల్లు కూడా ఆ జాబితాలో ఉంది. కానీ మిల్లుకు పోయే కలపను అడవిలో నరకడం ఆ జాబితాలో లేదు. మిల్లు పెడితే విచారణ, మిల్లు కోసం అడవి కొడితే విచారణ లేదు!

ఇది ఊహ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1975లో అటవీ అభివృద్ధి సంస్థ పెట్టారు. సహజమైన అడవి ఉన్న జాగల్లో జామాయిల్ తోటలు వచ్చాయి. సారపాక, కమలాపురం, కాగజ్‌నగర్‌లలో మిల్లులు నడిచాయి. కొంతమందికి కొలువులు దొరికాయి, కాదనను. కానీ జామాయిల్ కింద ఇప్పపువ్వు రాలదు, తునికాకు దొరకదు. కోయ ఇంటికి ఏటా వచ్చే ఆదాయం ఏ లెక్కలో రాసుకున్నారు? ఎవరూ రాయలేదు, రాయాలన్న రూలే లేదు. పైగా కేంద్ర అటవీ సర్వే లెక్క ప్రకారం హెక్టారుకు మించిన జాగలో పది శాతం పైన చెట్ల నీడ ఉంటే అది అడవే. ఏ చెట్టు, ఎవరి భూమి అన్నది చూడరు. నూటొక్క జాతుల అడవి పోయి ఒక్క జామాయిలే వచ్చినా లెక్కలో అడవి తగ్గదు.

అమెరికాలో 1970 జనవరి 1న జాతీయ పర్యావరణ విధాన చట్టం వచ్చింది. ప్రభుత్వ అడవిలో కలప అమ్మాలంటే అక్కడి అటవీశాఖ ప్రభావాన్ని రాసి, జనం అభిప్రాయం విని, వేరే దారులు పోల్చి చూపించాలన్న పద్ధతి దానివల్లనే మొదలైంది. అక్కడా ఇప్పుడు దాని పళ్లు రాలగొట్టే పని నడుస్తోంది. 2025 మేలో అక్కడి సుప్రీంకోర్టు ఆ పరిశీలనల మీద కోర్టుల తనిఖీని బాగా తగ్గించింది. అమెరికాను చూసి నేర్చుకోవాలని నేను అనడం లేదు. ప్రభుత్వ అడవిలో నరికే ముందు జనానికి చెప్పడం అసాధ్యమనే అధికారికి జవాబుగా ఈ ఉదాహరణ చెబుతున్నాను.

నాటడం కూడా విచారణ లేకుండానే

మొక్కలు నాటడానికి కూడా పరిశీలనా అని నవ్వేవాళ్లున్నారు. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం కొత్తసార్సాలలో మొక్కలు నాటే పనికి వెళ్లిన మహిళా రేంజ్ అధికారిని కర్రలతో కొట్టారు. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్ గొడవలో ఒక రేంజ్ అధికారిని చంపారు. ఆ దాడిని, ఆ హత్యను ఇక్కడెవరూ సమర్థించరు. ఆ అధికారి ఇల్లు కూడా ఒక తెలంగాణ ఇల్లే. కానీ ఆ జాగలో ఎవరు దున్నుతున్నారు, ఎవరి పశువులు మేస్తున్నాయి, ఆ మొక్క అక్కడే ఎందుకు అన్న ముచ్చట గుంత తవ్వే ముందు తేలాలె. గుంత తవ్వినంక తేలాల్సి వస్తే పేద గిరిజనుడు, చిన్న అధికారి ఎదురెదురుగా నిలబడతారు. ప్లాన్ రాసిన వాళ్లు అక్కడ ఉండరు.

డబ్బు తక్కువేం కాదు. అడవిని ప్రాజెక్టులకు, గనులకు ఇచ్చినప్పుడు వసూలు చేసిన పరిహార నిధి, మనం కంపా అని పిలిచేది, 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు పంచింది. తెలంగాణకు వచ్చింది సుమారు 3,110 కోట్లు. ఒక్క కాళేశ్వరానికే 3,168 హెక్టార్ల అడవి పోయింది. ఆ ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి పనులు మొదలైన తర్వాత ఇచ్చారని, అది చట్టానికి విరుద్ధమని 2020 అక్టోబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. పని ముందు, పరిశీలన వెనక. ఇదీ మన అలవాటు.

2018 కంపా నిబంధనల్లో ‘గ్రామసభ లేదా వన సంరక్షణ సమితి’ని సంప్రదించాలని ఉంది. ఆ ‘లేదా’ దగ్గరే మోసం. సమితిలో ఫారెస్టు వాళ్ల మాట నడుస్తుంది. గ్రామసభ అంటే ఊరంతా.

ఇక మన చేతిలో ఏముంది?

2006 అటవీ హక్కుల చట్టం ఉంది. వ్యక్తి పట్టా గురించి అందరికీ తెలుసు. 2023 జూన్ 30 నుంచి పోడు పట్టాలు పంచారు, లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా. మంచిదే. కానీ అదే చట్టం సెక్షన్ 3(1)(ఐ) ఊరికి ఊరుగా తన సాముదాయిక అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. అది అభయారణ్యంలో కూడా వర్తిస్తుంది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం గ్రామసభ కమిటీ తన నిర్వహణ ప్రణాళిక రాసి, అటవీశాఖ వర్కింగ్ ప్లాన్‌తో కలపొచ్చు. గోదావరి అవతల గడ్చిరోలిలో మెండా లేఖ ఊరు ఈ హక్కు తెచ్చుకుని 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంటోంది. అక్కడి గోండులకు సాధ్యమైంది ఇక్కడి కోయలకు ఎందుకు కాదు?

కాబట్టి కలప ఎత్తేందుకైనా, మొక్కలు పెట్టేందుకైనా ఎవరొచ్చినా ఐదు మాటలు అడగండి. ఒకటి, ఈ పని ఏ ప్లాన్‌లో ఉంది, కాగితం తెలుగులో చూపించండి. రెండు, ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో రాశారా? మూడు, కలప ఎటు పోతుంది, డబ్బు ఎవరికి? నాలుగు, ఏ జాతి మొక్కలు, మా ఇప్ప, తునికి, మద్ది అందులో ఉన్నాయా? ఐదు, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయో మా ముందు లెక్కపెడతారా?

రాష్ట్రం కోసం మనం రోడ్డెక్కినప్పుడు అడిగింది కూడా లెక్కే. నీళ్ల లెక్క, నిధుల లెక్క, కొలువుల లెక్క. అప్పుడు హైదరాబాద్‌లో కూర్చున్న పరాయి పాలకులను అడిగినం. 2014 జూన్ 2 తర్వాత కుర్చీలో మనవాళ్లే ఉన్నారు. ఒక పార్టీ పోయి ఇంకో పార్టీ వచ్చింది. అడవి లెక్క మాత్రం బీరువాలోనే ఉంది. మనవాడని అడగకపోతే కొమురం భీం జల్ జంగల్ జమీన్ పేరు ఎత్తే అర్హత మనకు ఉండదు.

పెద్ద పని ఏం చెప్పను. మీ ఊరి వచ్చే గ్రామసభలో ఒక్క తీర్మానం పెట్టండి: ‘మా డివిజన్ వర్కింగ్ ప్లాన్‌లో మా ఊరి భాగం తెలుగులో మాకు ఇవ్వాలె, పడిన కలప మీద, పెట్టబోయే మొక్కల మీద మా సభలో చర్చ కాకుండా పని మొదలుపెట్టొద్దు.’ సంతకాలు పెట్టి డీఎఫ్ఓకు, కలెక్టర్‌కు ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు వేయండి. రాయడానికి మా బోటి వాళ్లం వస్తాం. ఊరికొకటి పడితే ఆ బీరువా తెరవక తప్పదు.