పిల్లలకు పిచ్చింగ్ నేర్పేవాళ్లతో నాలుగు మాటలు

(మన సంఘం వార్షికోత్సవ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డోలు, పాట, ఆట మోగే ఈ వేదిక మీద సాఫ్ట్‌బాల్ మాటేమిటని కొందరికి అనిపించవచ్చు. మన పిల్లలు చదివే గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఇప్పుడు ఈ ఆట ఆడుతున్నారు. స్కూల్ గేమ్స్‌లోనూ ఉంది. సెలవులకు ఊరొచ్చిన పిల్లలు "అన్నా, పిచ్చింగ్ నేర్పవా?" "అక్కా, నా బంతి చూడవా?" అని మన చుట్టూ తిరుగుతున్నారు. అడిగినవాళ్లకు నేర్పాలంటే ముందు మనం నేర్చుకోవాలి. నేర్చుకోకుండా నేర్పి మేం చేసిన తప్పుతోనే ఈ మాటలు మొదలుపెడతాం.

కొన్నేళ్ల కిందట మేం నలుగురం కలిసి వేసవిలో ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చాం. వాళ్లలో పదమూడేళ్ల పాప ఒకతి ఉండేది. బంతి వేస్తే క్యాచర్ గ్లవ్ ఠప్పుమనేది. ఆ చప్పుడు వినే మేం మురిసిపోయాం. పోటీల్లో చివరి ఇన్నింగ్స్ వచ్చింది. స్కోరు సమానం, ప్రత్యర్థి రన్నర్ మూడో బేస్ మీద ఉంది. పాప బంతి వేసింది. అంపైర్ ఎడమ చెయ్యి పిడికిలి బిగించి పక్కకు చాచారు. ఇల్లీగల్ పిచ్. బ్యాటర్ ఆ బంతిని వదిలేసింది. ఆ పోటీల నిబంధన ప్రకారం రన్నర్ ఒక బేస్ ముందుకు, అంటే నేరుగా హోమ్‌కు వచ్చింది. మనం ఓడిపోయాం.

పాప మా వైపు తిరిగి, "నేనేం తప్పు చేశానన్నా?" అని అడిగింది. మా నలుగురిలో ఒక్కరికీ జవాబు తెలియదు. అంపైరే మట్టిలో గుర్తు చూపించారు. ఆమె కుడికాలు ప్లేటు వదిలి ముందుకు వచ్చి, మళ్లీ నేలను తొక్కి, అక్కడి నుంచి రెండోసారి తన్నుకుని బంతి వేస్తోంది. దాన్ని క్రో హాప్ అంటారు. ఫోన్‌లో ఎవరి వీడియోలో చూసి నేర్చుకుందో ఏమో, మేం మాత్రం రెండు నెలలు ఆమె బంతినే చూశాం, కాళ్లు చూడలేదు. తప్పు మాది, తలవంపు ఆమెకు. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్ల గ్లవ్ ముట్టలేదు.

అప్పుడు కూర్చుని నిబంధనల పుస్తకం చదివాం. మాకు అర్థమైంది ఏమిటంటే, ఈ ఆటను నడిపే పుస్తకాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, కొన్ని విషయాల్లో అవి ఒకదానితో ఒకటి కలవవు, అప్పుడప్పుడు మారుతుంటాయి కూడా. అందుకని ఒక సూత్రం పెట్టుకున్నాం. ఏ మైదానంలోనూ ఎవరూ వేలు చూపలేని పద్ధతినే పిల్లలకు నేర్పాలి. ఆ పద్ధతి ఇది.

మొదటిది, నిలబడటం. పిచర్స్ ప్లేటు 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉంటుంది. రెండు కాళ్లూ ప్లేటును తాకుతూ నిలబడాలి. వెనక కాలు ప్లేటు వెనక పెట్టుకోవచ్చనే నిబంధనలూ ఉన్నాయి కానీ, రెండూ తాకుతూ ఉంటే ఎక్కడా పేచీ రాదు. చేతులు విడిగా ఉంచి క్యాచర్ సైగ చూడాలి. తర్వాత రెండు చేతులూ బంతి మీద కలపాలి. మనసులో "ఒకటి, రెండు" అని నిదానంగా లెక్కపెట్టాలి. ఈ ఆగడం దగ్గరే తొందరపడే పిల్లలు దొరికిపోతారు.

రెండోది, అడుగు. చేతులు విడదీసి బంతి వేయడం మొదలుపెడితే మధ్యలో ఆగకూడదు, వెనక్కి తిప్పకూడదు. బ్యాటర్ వైపు ఒకే అడుగు. ఆ అడుగు ప్లేటు 24 అంగుళాల వెడల్పు దాటి పక్కకు పడకూడదు. తన్నిన కాలి బొటనవేలు నేల మీద గీత గీస్తూ రావాలి. కాలు గాల్లోకి లేపి గెంతడాన్ని కొన్ని నిబంధనలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. రెండోసారి నేలను తన్నడాన్ని మాత్రం ఎక్కడా ఒప్పుకోరు. వేలు ఈడ్చడం అన్నిచోట్లా చెల్లుతుంది.

మూడోది, చెయ్యి. విండ్‌మిల్ పద్ధతిలో చెయ్యి ఒకటిన్నర చుట్లకు మించి తిరగకూడదు. బంతి వదిలేటప్పుడు చెయ్యి తుంటి కంటే కింద ఉండాలి. మణికట్టు మోచేతి కంటే ఒంటికి దూరంగా పోకూడదు. బంతి వదిలాక చెయ్యి మళ్లీ తిప్పకూడదు.

ఈ నిబంధనలు వేగానికి అడ్డమనుకునేవాళ్లం. చేయించి చూస్తే మాకు తెలిసింది వేరు. కాలు పక్కకు పడితే నడుము అడ్డొస్తుంది, బంతి గురి తప్పుతుంది. మణికట్టు ఒంటికి దూరంగా పోతే బలమంతా భుజం మీద పడుతుంది. చాలావరకు చెల్లుబాటయ్యే పద్ధతే బలమైన పద్ధతి కూడా.

ఇక వేగం ఎక్కడి నుంచి వస్తుంది? మంచె మీద నిలబడి చేను కాసిన మన తాతలను అడగండి. వడిసెలలో రాయి వేగంగా పోయేది చెయ్యి బిగించినందుకు కాదు. తాడు వదులుగా తిరగాలి, కొస సరైన క్షణంలో వదలాలి. పిచర్ చెయ్యి కూడా అంతే. కర్రలా బిగిస్తే బంతి బరువెక్కుతుంది. మోచెయ్యి కొంచెం వదులుగా ఉండాలి. కుడిచేతి పిల్ల అడుగు వేసేటప్పుడు ఛాతీ మూడో బేస్ వైపు తిరుగుతుంది. చెయ్యి పైనుంచి వెనకగా కిందికి దిగి, ముంజేయి తుంటి పక్కను ఒరుసుకుంటూ రావాలి. ఆ ఒరుసుకున్నచోట చెయ్యి ఒక్కసారి తడబడి, దాని ముందున్న మణికట్టు కొరడాలా విసురుతుంది. బంతి అప్పుడు వదలాలి. ముందుకాలు గట్టిగా నిలబడాలి. అది మెత్తగా వంగిపోతే వచ్చిన ఊపంతా మోకాలిలోనే పోతుంది.

నేర్పేటప్పుడు మేం చివరి నుంచి మొదటికి వస్తాం. మొదటి వారం పిల్లను గోడకు నాలుగు మీటర్ల దూరంలో పక్కకు తిప్పి నిలబెడతాం. చెయ్యి వెనక్కి భుజం ఎత్తుకు లేపి, కిందికి దించి, తుంటిని ఒరిపించి వదలడమే పని. బంతి లేకపోతే పాత మేజోళ్లు ఉండ చుట్టినా చాలు. తర్వాత చెయ్యి తల మీది నుంచి. ఆ తర్వాత నిలబడే పూర్తి చుట్టు. చివరికే అడుగు. ఒక మెట్టు సరిగా రాకపోతే ఇంకో మెట్టు ఎక్కించం. నేల మీద ప్లేటు మధ్య నుంచి హోమ్ వరకు సున్నంతో ఒక గీత గీస్తాం. ముందుకాలు ఎక్కడ పడిందో, వెనక వేలు ఎలా ఈడ్చిందో ఆ సున్నమే చెబుతుంది. ఫోన్‌లో నెమ్మదిగా నడిచే వీడియో తీస్తాం. చూసేటప్పుడు ముందు కాళ్లు, తర్వాత చెయ్యి, చివరికి బంతి.

దూరం విషయంలో తొందర వద్దు. పెద్ద ఆడపిల్లలకు పిచ్చింగ్ దూరం 43 అడుగులు. అమెరికాలో పదేళ్ల లోపు పిల్లలకు 35 అడుగులే, బంతి కూడా చిన్నది. మన దగ్గర పదేళ్ల పిల్లను 43 అడుగుల దూరంలో నిలబెట్టి "ఇంకా గట్టిగా" అని అరుస్తాం. అందుకోలేక ఆ పిల్ల గెంతుతుంది, ఒరుగుతుంది, భుజంతో లాగుతుంది. క్రో హాప్ పుట్టేది తరచుగా అక్కడే.

ఇంకో భ్రమ కూడా పోవాలి. కింది నుంచి వేసే బంతి కాబట్టి భుజానికి ఏమీ కాదని చాలామంది అంటారు. అది నిజం కాదు. విండ్‌మిల్ పిచ్చింగ్‌లో భుజం మీద పడే బలాలు బేస్‌బాల్ పిచర్‌కు పడే బలాలతో పోల్చదగినవని పరిశోధనల్లో తేలింది. అందుకని ప్రతి జట్టులో కనీసం ఇద్దరు పిచర్లను తయారు చేస్తున్నాం. వరుసగా రెండు రోజులు గట్టిగా వేయనివ్వం. భుజం ముందువైపు నొప్పి అంటే ఆ రోజుకు బంతి పక్కన పెట్టాల్సిందే. "ఓర్చుకో" అనే మాట మా శిక్షణలో లేదు. మన పిల్లలు ఎలాగూ ఓర్చుకుంటారు, అదే భయం.

జపాన్ పిచర్ యుకికో ఉయెనో పేరు మీలో కొందరు వినే ఉంటారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో 413 బంతులు వేసి తన దేశానికి స్వర్ణం తెచ్చింది. ఆ సంఖ్యను పిల్లలకు ఆదర్శంగా చెప్పకండి. ఇంకో సంగతి చెప్పండి. ఆ తర్వాత రెండు ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ లేదు. 2021లో టోక్యోలో మళ్లీ పెట్టినప్పుడు, 39 ఏళ్ల వయసులో ఆమె ఫైనల్ ఆడింది. అమెరికా మీద జపాన్ 2-0తో గెలిచింది. పద్ధతి సరిగా ఉంటే చెయ్యి ఎంతకాలం నిలుస్తుందో అక్కడ చూడాలి. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ ఉంది. ఆ మ్యాచ్‌లను పిల్లలతో కూర్చుని, పిచర్ కాళ్లు చూస్తూ చూడండి.

మా పాప సంగతి చెప్పి ముగిస్తాం. మేం నలుగురం వాళ్లింటికి వెళ్లి, తప్పు నీది కాదమ్మా, మాదని వాళ్ల అమ్మానాన్నల ముందే చెప్పాం. ఆమె వెంటనే ఏమీ అనలేదు. వారం తర్వాత మైదానానికి వచ్చి, "ఈసారి ముందు రూలు చెప్పండి, తర్వాత బంతి ఇవ్వండి" అంది. పాత అలవాటు మాన్పడానికి ఒక సీజన్ పట్టింది. కొత్త అలవాటు నేర్పడం కంటే అది చాలా కష్టం. ఇప్పుడు చిన్నపిల్లలకు సున్నం గీత గీసేది ఆమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని కోరేది ఒక్కటే. ప్రతి గూడెంలో, ప్రతి తండాలో ఒక్కరైనా నిబంధనల పుస్తకం చదవండి. పోటీలకు వెళ్లే ముందు ఏ నిబంధనలు పాటిస్తున్నారో నిర్వాహకులను అడగండి. పిల్ల మన వైపు తిరిగి "నేనేం తప్పు చేశాను?" అని అడిగినప్పుడు, మన దగ్గర జవాబు ఉండాలి.