రుద్రమ ఎవరి బిడ్డ?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ అలవాటు పోదు కాబట్టి ఈ పావుగంటలో కూడా ఒక పాఠమే చెబుతాను. పరీక్ష మాత్రం పెట్టను.

కాకతీయ రుద్రమదేవి పేరు తెలియనివాళ్ళు మనలో లేరు. ఆమె ఎవరి బిడ్డ అని అడిగితే మూడో తరగతి పిల్ల కూడా గణపతిదేవుడి కూతురని చెబుతుంది. కానీ చాలాకాలం ఇది ఇంత తేలిగ్గా తేలిన విషయం కాదు. ఆమె గణపతిదేవుడి భార్య అని నమ్మినవాళ్ళూ, పుస్తకాల్లో రాసినవాళ్ళూ ఉన్నారు.

ఆ మాట పుట్టడానికి పెద్ద సాక్షే ఉన్నాడు, మార్కో పోలో. వెనిస్ నగరానికి చెందిన ఈ యాత్రికుడు 1290ల తొలి ఏళ్ళలో చైనా నుంచి తిరిగి వెళ్తూ మన తీరం గురించి రాశాడు. మన మోటుపల్లి ఆయన నోట 'ముత్ఫిలి' అయింది. అక్కడి రాజు చనిపోయి నలభై ఏళ్ళయిందనీ, అప్పటినుంచి ఆయన రాణి రాజ్యం ఏలుతోందనీ, భర్త మీది ప్రేమతో ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదనీ, న్యాయంగా పాలిస్తోందనీ ఆయన చెప్పాడు. ఎంతో గౌరవంగా రాసిన మాటలివి. అందుకే జనం నమ్మారు.

ఇప్పుడు మనం లెక్కల సార్ నేర్పినట్టు లెక్క సరిచూద్దాం. గణపతిదేవుడు 1199లో సింహాసనం ఎక్కాడు. ఆయన పాలన 1262 దాకా సాగింది. అక్కడినుంచి మార్కో పోలో వచ్చేనాటికి ముప్పై ఏళ్ళే, నలభై కాదు. పైగా అప్పటికి రుద్రమ బతికి లేదు. ఆ సంగతి చెప్పే రాయి మనకు దగ్గర్లోనే ఉంది. కండ్లకోయ జంక్షన్‌లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ హైవే పట్టుకుని వెళ్తే నకిరేకల్ వస్తుంది. ఆ పక్కనే చందుపట్ల. అక్కడి శాసనం తేదీ 1289 నవంబర్ 27. కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలిగిన సందర్భంలో, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే భటుడు భూమిని దానం చేశాడు. అంటే మార్కో పోలో రాసింది రేవులో నలుగురూ చెప్పుకున్న మాట. రాజు తర్వాత ఆడమనిషి గద్దె మీద కూర్చుందంటే రాజు భార్యే అయి ఉంటుందని అనుకుని ఉంటారు. మగదిక్కు లేని ఇంటిని కూతురు నడిపిస్తే నేటికీ మన ఊళ్ళల్లో అడిగే మొదటి ప్రశ్న, 'ఆమె ఆయనకు ఏమవుతుంది?' అనే కదా!

మరి కూతురేనని ఎలా తెలుసు? దానికి గుంటూరు సీమకు పోవాలి. మందడం పక్కన మల్కాపురంలో 1261 నాటి శిలాస్తంభం ఉంది. దాని మీది శాసనాన్ని జయంతి రామయ్య పంతులు గారు పరిష్కరించి ప్రకటించారు. గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యులకు మందడం ఇస్తానని నోటిమాటగా చెప్పాడు. ఆ మాటను శాసనంగా నిలబెట్టి, వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది ఆయన కూతురు రుద్రమ. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆ దానపు రాబడి మీద గుడితో పాటు బడి, వైద్యశాల, ప్రసూతిశాల నడిచాయి. మనం బడి పండుగ చేసుకుంటున్నాం కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. తండ్రి ఇచ్చిన మాట కూతురు చెల్లించిందని, ఆమె బతికి ఉండగానే, ఆమె సొంత శాసనం చెబుతోంది. రేవులో విన్న మాటకంటే ఈ సాక్ష్యం ఎన్నో రెట్లు బలమైనది.

చిక్కు ఇంకొకటి ఉంది. చాలా శాసనాల్లో ఆమె పేరు 'రుద్రదేవ మహారాజు'. తండ్రి ఆమెను కొడుకు స్థానంలో నిలబెట్టి, మగపేరు పెట్టి గద్దె ఎక్కించాడు. విద్యానాథుడి 'ప్రతాపరుద్ర యశోభూషణం' కూడా ఆమెను గణపతి కూతురిగానే చూపుతుంది. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడు వీరభద్రుడు. ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. ఈ వరసలన్నీ కలిపి చూస్తే 'భార్య' అన్న మాటకు ఎక్కడా చోటు లేదు.

తండ్రి దొరికాడు, మరి తల్లి? జాయప సేనాని చెల్లెళ్ళు నారమ, పేరమ గణపతిదేవుడి రాణులని చేబ్రోలు శాసనం చెబుతుంది. అంతమాత్రాన వాళ్ళిద్దరిలో ఒకరు రుద్రమ తల్లి అనలేం. సినిమాల్లో, నవలల్లో పేర్లు దొరుకుతాయి కానీ రాతి మీద రాయించుకున్న పేరుకున్న బలం వాటికి లేదు. అంత పెద్ద రాజ్యం ఏలిన మనిషికి కూడా తండ్రి పేరు చెక్కించారు, తల్లి పేరు దగ్గర ఉలి ఆగిపోయింది.

ఈ సంగతి ఇక్కడెందుకు చెబుతున్నానంటే, ఈ సావనీరు కోసం మొదటి బ్యాచ్ జాబితా వేసేటప్పుడు మగపిల్లలు వారంలో దొరికారు. ఆడపిల్లలు దొరకలేదు. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నది పుట్టింటి పేరు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది, ఊరు మారింది. కొందరికైతే అత్తగారింట్లో పిలిచే పేరే మారింది. యాభై ఏళ్ళకే ఇంత కష్టమైతే, ఏడువందల ఏళ్ళ తర్వాత ఎవరు ఎవరి బిడ్డో ఎలా తేలుతుంది?

కాబట్టి సంఘానికి నాదొక మనవి. జాబితాలో మన అక్కచెల్లెళ్ళ పేర్లు రెండు విధాలా రాయండి, బడిలో ఉన్న పేరూ, ఇప్పటి పేరూ. తండ్రి పేరు పక్కన తల్లి పేరు కూడా అందరికీ రాయండి. పిల్లలకు గురువులు చెప్పాల్సింది కూడా ఒకటుంది. ఫోన్లో ఏ చరిత్ర కనిపించినా మూడు ప్రశ్నలు వేయమనండి. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఆ మనిషికి ఎంత దగ్గరగా ఉండి చెప్పారు? మార్కో పోలో అంతటివాడు కూడా ఈ మూడింటికీ జవాబు చెప్పాల్సిందే.